నానని ఉలవలు

గుర్రం దగ్గరికి నేను మనశ్శాంతి వెతుక్కుంటూ పోలేదు. మా అక్క పోరు పడలేక పోయాను. ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ సంగతి విన్నవాళ్లు నాకేదో పెద్ద జ్ఞానం కలిగినట్టు మొహం పెడతారు. అంత సీను లేదు. నేనొక తప్పు చేశాను. దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దాను. ఒక గుర్రం కడుపునొప్పితో అల్లాడితే గానీ ఆ తప్పు నాదని తెలిసిరాలేదు.

కుప్పం దగ్గర పిల్లల బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో నేను ఫ్లోర్ ఇన్‌చార్జిని. ఆరు లైన్లు, మూడు వందల మంది ఆడవాళ్లు. మాది రామకుప్పం వైపు పల్లె. మా అమ్మ వెంట రాగి చేలల్లో కూలికి పోయి కలుపు తీశాను, ఏనుగులు తొక్కిపోయిన మడుల్లో మిగిలిన కంకులు ఏరాను. ఆ తర్వాత ఫ్యాక్టరీలో మెషీన్ ముందు కూర్చుని ఒక్కో మెట్టూ ఎక్కి ఇన్‌చార్జినయ్యాను. అందుకేనేమో, నేను లేకపోతే ఆ ఫ్లోర్ మీద దారప్పోగు కూడా కదలదని నాకో నమ్మకం. ఒక చెవిలో ఫోను, కళ్లు ప్రొడక్షన్ బోర్డు మీద, చేతిలో పెన్ను. ఒకేసారి నాలుగు పనులు చేస్తానని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

మా దగ్గర సూది విరిగితే ఒక పద్ధతి ఉంది. మెషీన్ ఆపాలి. ముక్కలన్నీ వెతికి, రిజిస్టర్లో గీసి ఉన్న సూది బొమ్మ మీద వరసగా పేర్చి టేపు అంటించాలి. అన్నీ కలిపితే నిండు సూది కావాలి. ఇన్‌చార్జి కొలత చూసి సంతకం పెట్టాకే స్టోర్స్‌లో కొత్త సూది ఇస్తారు. ఒక్క ముక్క తగ్గినా ఆ కట్టలోని బట్టలన్నీ పక్కన పెట్టి గాలించాల్సిందే. పసిపిల్లలు తొడుక్కునే గౌన్లు మరి.

ఒక మంగళవారం పొద్దున, పెట్టెల్లో సర్దిన గౌన్లను మెటల్ డిటెక్టర్ కింద పంపుతుంటే అది కూసింది. ఒక గౌను అంచు మడతలో సూది కొన దొరికింది. సరుకు కొనే కంపెనీ మనిషి ఆ పూట అక్కడే ఉన్నాడు. ఆ అంచు కుట్టింది ఎవరా అని చూస్తే మా ఊరి మనిషే. ముప్పై ఏళ్లుంటాయి, మొత్తం ఫ్లోర్‌లో అంత నేర్పైన చెయ్యి ఇంకోటి లేదు. పని నేర్పింది నేనే. అందరూ నన్ను మేడం అంటారు, ఆమె ఒక్కతే అక్కా అంటుంది. ఆమె జీతం మీదే వాళ్ల ఇల్లు నడుస్తోంది.

"కొన దొరకలేదని ఎందుకు చెప్పలేదు?" అని లైన్ మధ్యలో నిలబెట్టి అడిగాను.

"సెప్పినాను కదక్కా. సూది ఇరిగిన దినమే నీ టేబుల్ కాడికొచ్చి సెప్పినాను."

"నాకు చెప్పలేదు."

"సెప్పినానక్కా. నువ్వు సరే అని సంతకం పెట్నావు."

ఒళ్లు మండిపోయింది. "మన ఊరోళ్లు కూలి చేసి బతుకుతారు గానీ అబద్ధాలు చెప్పరనుకున్నా" అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆమె మెడలో ఐడీ కార్డు తీసి మెషీన్ మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. ఫ్యాక్టరీ మేనేజరు రిజిస్టరు తెరిచి నా సంతకం ఉందని చూసి మూసేశాడు. ఆ సంతకం ఉందంటే ముక్కలు సరిపోయినట్టే లెక్క. తర్వాత ఇంకో సూది విరగ్గొట్టి దాచి ఉంటుందని అందరూ తేల్చేశారు. సూది దాచిందన్న మచ్చ పడితే ఈ చుట్టుపక్కల ఏ కుట్టు ఫ్యాక్టరీ గేటూ తెరుచుకోదు.

ఆ మధ్యాహ్నమే నేను కళ్లు తిరిగి పడిపోయాను. నాకు వారం సెలవిచ్చారు. పై సోమవారం ఆమె మీద విచారణ. ఆదివారం సాయంత్రానికల్లా నేను రిపోర్టు రాసి పంపాలి. నేను రాసేదాన్ని బట్టే ఆమె ఉండటమో పోవడమో తేలుతుంది.

మా అక్క పుంగనూరులో ఉంటుంది. వెంకటగిరికోట మీదుగా బస్సులో వెళ్లి ఆ ఇంట్లో పడ్డాను. గురువారం నన్ను మదనపల్లెలో డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. బీపీ మాత్రలు రాసి, ఫోను పక్కన పెట్టమన్నాడు ఆయన. బయటికి రాగానే నేను ఫోను తీశాను. అక్క నా చేతి మీద ఒక్కటి వేసింది.

"చెవిటోడి ముందు శంఖం ఊదినట్టుండాది నీకు సెప్పేది. పద, మా మామ కాడ ఇడిసిపెడతా నిన్ను."

మామ అంటే చుట్టం కాదు, గోడ అవతలి ఇంటి పెద్దాయన. ఒకప్పుడు మదనపల్లె బస్టాండు దగ్గర జట్కా తోలేవాడు. ఆటోలొచ్చాక జట్కా పోయింది, గుర్రం మిగిలింది. ఇప్పుడున్న తెల్ల ఆడగుర్రాన్ని పెళ్లి ఊరేగింపులకు తోలుకెళ్తాడు. ఆయన దగ్గరికి ఒక బ్యాంకు మేనేజరు, మదనపల్లెలో కాలేజీ నడిపే ఒకాయన వచ్చి పోతుంటారని, వచ్చి ఊరికే గుర్రం పక్కన నిలబడి పోతారని అక్క చెప్పింది. పని లేనోళ్లు అనుకున్నాను.

మొదటి రోజు కొట్టంలోకి వెళ్లి, ఫ్లోర్ మీద అలవాటు కొద్దీ రెండు చప్పట్లు చరిచి "రా, రా, ఇట్రా" అన్నాను. గుర్రం నా వంక చూసి తాపీగా వెనక్కి తిరిగి తోక చూపించింది.

"యాల మ్మా తరుముతావు?" అన్నాడు పెద్దాయన. "అది యాడికి పోవాలిప్పుడు?"

ఆయనకో నియమం ఉంది. కళ్లేన్ని గుర్రం తల మీదికి ఎత్తకూడదు. మన నడుము ఎత్తున పట్టుకుని పక్కన నిలబడాలి. అది తనంతట తాను తల దించి మూతి అందిస్తేనే తొడగాలి. ఆయన పట్టుకుంటే రెండు నిమిషాల్లో తల దించేది. నేను పట్టుకుంటే అరగంటైనా కొట్టం కప్పు వైపే చూసేది. శుక్రవారం బెల్లం ముక్క చూపించాను. బెల్లం తినేసి మళ్లీ కప్పు చూసింది. మా లైన్ వాళ్లు ఇన్సెంటివ్ తీసుకున్నట్టే తీసుకుంది.

"నువ్వు ఈడ ల్యావు మ్మా" అన్నాడాయన.

"ఇక్కడే కదా మామా చచ్చినట్టు నిలబడ్డాను."

"కాళ్లు ఉండాయి. మనిషి యాడనో ఉండాది. దానికి తెలస్తాది."

నాకు కోపం వచ్చింది. ఎండలో నిలబడి గుర్రం తోక చూడటానికా నేను ఇంత ఉద్యోగం వెలగబెట్టింది అనుకున్నాను. శనివారం సాయంత్రం బ్యాంకు మేనేజరు వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పార తీసుకుని లద్దె ఎత్తి గంపలో వేశాడు. ఆ తర్వాత కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి గుర్రం తల దించి ఆయన చేతుల్లో మూతి పెట్టింది. ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

"మా బ్రాంచిలో నేనేమన్నా అందరూ తలాడిస్తారండీ" అన్నాడు కాళ్లు కడుక్కుంటూ. "నేను వింటున్నానో లేదో అడిగేవాళ్లు లేరు. ఇదొక్కటే అడుగుతుంది. నాకు మూడు నెలలు పట్టింది."

నాకు మూడు నెలలు లేవు, సోమవారం విచారణ ఉంది అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే పెద్దాయన మదనపల్లె బయల్దేరాడు. గుర్రానికి ముందుకాలి లాడం వదులైంది. లాడం కొట్టే మనిషి ఫోనెత్తడు, పోయి పిలుచుకు రావాల్సిందే. "ఒక్క పూట మేత నువ్వు పెట్టు మ్మా" అని నాకు అప్పజెప్పాడు. ఏదేదో చెప్పాడు. నేను కొట్టం అరుగు మీద కూర్చుని ఫోన్లో రిపోర్టు కొడుతున్నాను. 'సూది కొన కనపడని విషయం ఆమె నాకు తెలియజేయలేదు.' ఆ వాక్యం దగ్గర ఉన్నాను. సరే మామా అన్నాను. సందు చివర బస్సు హారన్ వినపడితే ఆయన వెళ్లిపోయాడు.

కాసేపటికి గుర్రం గిట్టలు చప్పుడు చేస్తే మేత గుర్తొచ్చింది. లేచి, మూలనున్న గోనెసంచిలోంచి ఉలవలు రెండు చాటలు తీసి తొట్టిలో పోశాను. ఆత్రంగా తినింది. బక్కెట్టెడు నీళ్లు పెట్టాను, తాగింది. పని అయిపోయిందని మళ్లీ ఫోను తీశాను.

తొమ్మిది దాటాక గుర్రం ముందుకాలితో నేల గీకడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి తన డొక్క వైపు చూసుకుంటోంది. మెడ మీద చెమట పట్టింది. లాడం నొప్పేమో అనుకున్నాను, చూడండి నా తెలివి. పెద్దాయన వచ్చేసరికి అది మోకాళ్లు వంచి పడుకోబోతోంది. ఆయన చేతిలో సంచి అక్కడే పారేసి పరిగెత్తాడు.

"ఏమేసినావు?"

"ఉలవలు."

"యాడివి?"

మూలనున్న సంచి చూపించాను. ఆయన మొహం పాలిపోయింది.

"అయి నానబెట్టనివి మ్మా. కడుపులో నీళ్లు తగిల్తే ఉబ్బుతాయి. నానినవి బక్కెట్లో ఉండాయి, సంచి ముట్టొద్దని సెప్పినాను కదా."

"నాకు చెప్పలేదు" అన్నాను.

తడుముకోకుండా అన్నాను. దేవుడి తోడు, నిజమనుకునే అన్నాను. అప్పుడు గోడ అవతల బట్టలారేస్తున్న అక్క తల ఎత్తింది.

"సెప్పినాడే. మూడు తూర్లు సెప్పినాడు, నేను ఈడ్నుంచి విన్నా. నువ్వు సరే మామా, సరే అంటివి."

ఆయన ఏదేదో చెప్పాడని గుర్తుంది, ఒక్క మాటా గుర్తులేదు. నేను సరే అన్న సంగతి మాత్రం బాగా గుర్తుంది. మంగళవారం లైన్ మధ్యలో నేనన్న మాటే ఇప్పుడూ అన్నాను, అదే గొంతుతో అన్నాను. చేతిలో ఫోను వేడిగా తగిలింది. వెలుగుతున్న తెర మీద ఆ వాక్యం అలాగే ఉంది.

పెద్దాయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఎదురు తిట్టేదాన్ని, కాస్త తేలికపడేది. పశువుల డాక్టరుకు కబురు పెట్టి, గుర్రాన్ని బలవంతంగా లేపి తాడు నా చేతికిచ్చాడు.

"నా మోకాళ్లు ఆగవు. నువ్వే నడిపించాల. పండుకోనీయొద్దు. పొర్లినాదంటే పేగు మెలి పడతాది, ఇంక దక్కదు. అది నిలబడితే నిలబడు. వణికినాదంటే నన్ను పిలువు. దాన్నే సూస్తా ఉండు."

ఫోను అక్క చేతికి గోడ మీద నుంచి అందించాను. డాక్టరు స్కూటరు మీద వచ్చి సూది వేశాడు, ముక్కులోంచి గొట్టం దించి నూనె పోశాడు, లద్దె పడితే బతికినట్టు అని చెప్పి ఇంకో ఊరికి వెళ్లాడు. నేను నడిపించాను. కొట్టం నుంచి చింతచెట్టు దాకా, చింతచెట్టు నుంచి కొట్టం దాకా. ఎన్ని సార్లో తెలియదు.

మొదట్లో నా భయమే నాకు ఎక్కువ. ఇది చచ్చిపోతే ఆయన ఎట్లా బతుకుతాడు, నేను ఏ మొహంతో ఈ సందులోంచి పోతాను, ఇవే. కాసేపటికి వాటికి కూడా తీరిక లేకుండా పోయింది. గుర్రం మోకాలు వంగబోయే ముందు చెవి ఒకటి వెనక్కి పోతుందని కనిపెట్టాను. ఆ చెవి కదలగానే తాడు కొంచెం ముందుకు లాగి, మెడ మీద చెయ్యి వేస్తే మళ్లీ అడుగేస్తుంది. ఊపిరి బిగబట్టినప్పుడు డొక్క గట్టిపడుతుంది, వదిలినప్పుడు నేనూ వదిలేదాన్ని. అక్క మజ్జిగ తెచ్చింది. గోడ అవతల నా ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. ఎవరని అడగలేదు.

నడుస్తూ నడుస్తూ లైన్‌లో మా ఊరి ఆమె మొహం గుర్తుచేసుకోవాలని చూశాను. సూది విరిగిన రోజు నా టేబుల్ దగ్గరికి వచ్చినప్పటి మొహం. రాలేదు. పెన్ను గుర్తొచ్చింది, రిజిస్టర్ అట్ట గుర్తొచ్చింది, ఫోన్లో ఎవరితోనో దారం రంగు గురించి గొడవపడటం గుర్తొచ్చింది. మనిషి మొహం లేదు. గుర్రాన్ని ఆపకుండానే ఏడ్చాను.

పొద్దు వాలుతుండగా చింతచెట్టు దగ్గర గుర్రం ఆగింది. తోక ఎత్తి లద్దె వేసింది. పెద్దాయన కుంటుకుంటూ వచ్చి, వంగి చూసి, ఆ లద్దె పక్కనే నేల మీద కూలబడి నవ్వాడు. లద్దె చూసి అంత సంతోషపడతానని ఎవరైనా చెప్పుంటే ఎగతాళి చేసేదాన్ని. గుర్రం తల దించి నా పొట్టకు ఆనించింది. అలసి దించిందో, నా కోసమే దించిందో నాకు తెలియదు. నా చేతిలో కళ్లెం కూడా లేదు.

"మామా, తప్పు నాది. నువ్వు చెప్పినావు, నేను వినలేదు" అన్నాను.

"ఊఁ" అన్నాడాయన. "ఆ మాట దానికి సెప్పు. కడుపు దానిది."

చెప్పాను. మా అక్క గోడ మీద నుంచి చూస్తుండగానే గుర్రం చెవిలో చెప్పాను, ఏమనుకుంటే అనుకోనీ అని.

ఆ రాత్రి రిపోర్టు పంపలేదు. సోమవారం మొదటి బస్సెక్కి కుప్పం వెళ్లి, ఎవరూ రాకముందే ఆఫీసులో రిజిస్టరు తీసుకున్నాను. సూది విరిగిన తేదీ పేజీలో టేపు కింద రెండు ముక్కలున్నాయి. వాటి పక్కన కొత్త సూది ఒకటి పెట్టి చూశాను. కొన మేర తక్కువ. గుడ్డివాళ్లు తడిమి చూసినా తెలిసిపోయేంత తక్కువ. దాని కింద నా సంతకం, పెద్దగా, కింద గీత గీసి మరీ ఉంది. ఆమె ఇంకో సూది దాచలేదు. ఉన్నది ఉన్నట్టు తెచ్చి నా ముందు పెట్టింది.

విచారణకు ఆమె వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. నా వైపు చూడలేదు. లోపల మేనేజరుకు రిజిస్టరు చూపించి, తప్పు నాదని రాసిచ్చాను. "సరే, ఇది మన మధ్య ఉండనీ మేడం, ఆమెను పనిలోకి తీసుకుందాం" అన్నాడాయన. నాక్కూడా ఒక్క క్షణం అదే బాగుందనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఆమెను అబద్ధాలకోరు అన్నది మన మధ్య కాదు కదా.

భోజనాలకూ కరెంటు పోయినప్పుడూ తప్ప ఏ లైనూ ఆగదు. ఆ రోజు ఆరు లైన్లూ ఆపించాను. మూడు వందల మెషీన్లు ఆగాక ఆ నిశ్శబ్దం నేను తట్టుకోలేకపోయాను. ఆమెను పక్కన నిలబెట్టి, రిజిస్టరు ఎత్తి చూపిస్తూ చెప్పాను. "ఈమె చెప్పింది. నేను వినకుండా సంతకం పెట్టాను. ఇదే చోట ఈమెను అబద్ధాలకోరు అన్నాను. అబద్ధం నాది." ఆమె నేల చూస్తూ విని, వెళ్లి తన మెషీన్ ముందు కూర్చుని దారం ఎక్కించుకుంది.

నన్ను ఫ్లోర్ నుంచి తీసి స్టోర్స్‌లో వేశారు. సూదులు ఇచ్చే కిటికీ ఇప్పుడు నాదే. బాధ లేదంటే నమ్మకండి, చాలా రోజులు అన్నం సహించలేదు. నెలకోసారి పుంగనూరు పోతున్నాను. గుర్రం ఒక్కోసారి తల దించుతుంది, ఒక్కోసారి తోక చూపిస్తుంది. కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా ముందు ఫోను బోర్లించి, మొహం చూసి, వాళ్లు చెప్పింది తిరిగి చెప్పి, ముక్కలు కొలిచాకే కొత్త సూది ఇస్తాను. నత్తలాగా ఉందని నా వెనక నవ్వుకుంటారని తెలుసు.

ఆమె మాత్రం నా కిటికీకి రాలేదు. సూది విరిగితే పక్క మెషీన్ ఆమెతో పంపేది. ఒకరోజు తనే వచ్చింది. కాగితంలో రెండు ముక్కలు పెట్టి ముందుకు జరిపింది.

"అక్కా" అంది. అన్ని రోజుల తర్వాత ఆ పిలుపు విని ఫోను బోర్లించాను.

"చెప్పు."

"ఆ వారమంతా ఇంట్లో కూసోని అనుకుంటి, నేను సెప్పలేదేమో అని. అక్క అంత గట్టిగా సెప్తాండాదే, అక్క అబద్ధం సెప్పదే, నేనే మర్సిపోయుంటా అనుకుంటి. సోమవారం ఆడికొచ్చింది తప్పు ఒప్పుకుందామని అక్కా."

ఆమె అక్కడే నిలబడి ఉంది, కాగితం మీద వేలు పెట్టి.

"రెండు ముక్కలు. నిండు సూది. సూడు."

చూశాను. ముక్కలు కాదు ముందు, ఆమెను చూశాను.

"రెండు ముక్కలు, నిండు సూది అని చెప్పినావు" అన్నాను.

"ఊఁ, సెప్పినా" అని ఆమె కాగితం మీద నుంచి వేలు తీసింది.